సొంత పాటా? అరువు పాటా?

మీ అబ్బాయి కూడా స్నేహితుల్ని పోగేసి మేడమీద గిటార్లూ, డ్రమ్సూ మోగిస్తున్నాడా? "అందరికీ తెలిసిన పాటలు వాయించొచ్చు కదరా!" అని మీరూ విసుక్కునే ఉంటారు. కాస్త ఆగండి. లివర్‌పూల్ కుర్రాళ్లు బీటిల్స్‌కీ ఈ తంటా తప్పలేదు.

1962 జనవరి 1న డెక్కా కంపెనీవాళ్ల ముందు 15 పాటలు వినిపించారు. అందులో సొంతవి 3 మాత్రమే. కంపెనీ వద్దు పొమ్మంది. ఆ ఏడాదే ఇంకో కంపెనీలో నిర్మాత జార్జ్ మార్టిన్ వేరెవరో రాసిన పాట చేతికిచ్చి, ఇది హిట్టవుతుందన్నాడు. వాళ్లు రికార్డు చేశారు గానీ, విడుదల మాత్రం మా పాటే చేయాలని పట్టుబట్టారు. ఆ 'లవ్ మి డూ' బ్రిటన్‌లో 17వ స్థానం దగ్గర ఆగిపోయింది. వద్దన్న పాటేమో 1963లో మరో లివర్‌పూల్ బృందం పాడితే మొదటి స్థానానికెళ్లి కూర్చుంది! పెద్దాయన లెక్క తప్పలేదన్నమాట. మరి వీళ్లు మొండికెత్తి నష్టపోయారా అంటే, తర్వాతి కథ మీకు తెలిసిందే!

అలాగని అరువు పాటల్నీ వదల్లేదు సుమండీ. హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రుళ్లు గంటల తరబడి వాయించింది ఎక్కువగా అవే. చెయ్యి తిరిగింది అక్కడే. మొదటి ఆల్బమ్‌లోని 14 పాటల్లోనూ 6 ఇతరులవే.

మీవాడినీ పెళ్లి రిసెప్షన్లో సినిమా పాటలే వాయించనివ్వండి. మధ్యలో సొంతది ఒకటి. అంతకుముందు ఓ ఆదివారం పకోడీలు వేసి, ఆ పాట ముందుగా మీకు వినిపించమనండి.