గుండె బలహీనపడినవారికి గృహోపచారము

మన గ్రామములలో ఎవరికైనను గుండె బలహీనపడినదని వైద్యులు చెప్పినతోడనే ఆ యింట రెండు విధములైన పొరపాట్లు జరుగుచుండును. కొందఱు "ఇక నేమున్నది, గుండె పనిచేయుట లేదట" అని నిరాశపడి రోగిని మంచమునకు అప్పగింతురు. మఱికొందఱు ఆసుపత్రిలో నాలుగు దినములుండి కాళ్ళవాపు తీయగానే జబ్బు నయమైనదని తలచి, మాత్రలు మాని, ఆవకాయతో అన్నము తిని, నెల తిరుగకమునుపే ఆయాసముతో మరల పట్టణమునకు పరుగెత్తుదురు. మొదటివారు చేయదగినదానిని చేయరు; రెండవవారు చేయుచున్నదానిని నడుమ విడుతురు. ఆసుపత్రికి ఒకమారు పోయివచ్చుటకగు వ్యయము విత్తనములకో ఎరువులకో దాచుకొన్న సొమ్మునుండియే తీయవలసి వచ్చునని మన సభ్యులకు వేఱుగ చెప్పనక్కరలేదు. ఈ వ్యాధిలో వైద్యుడు చేయు పని ఎంతయో, ఇంటివారు చేయు పనియు అంతయే కలదు. కావున దీని స్వరూపమును, ఇంట చేయదగిన ఉపచారమును ఇచ్చట విశదపఱచెదము.

వ్యాధి యన నేమి?

వైద్యులు దీనిని హార్టు ఫెయిల్యూరు అందురు. ఈ పేరు విని గుండె ఆగిపోయినదని భావింపరాదు. గుండె ఆడుచునే యుండును. కాని దేహమునకు కావలసినంత రక్తమును పంపజాలదు. బావిమీది మోటారు బలము తగ్గినపుడు చివరి మడులకు నీరందక పైరు వాడును గదా! అట్లే కాలుసేతులకు రక్తము చాలక నీరసము కలుగును. ముందుకు పోవలసిన రక్తము వెనుక నిలిచిపోవుటచే మురుగుకాలువ పూడిన పొలమువలె ఊపిరితిత్తులలోను, కాళ్ళలోను, కడుపులోను నీరు చేరును.

ఇందులో మఱియొక చిక్కు కలదు. తమకు రక్తము తక్కువగ వచ్చుటచే మూత్రపిండములు దేహమునకు నీటికఱవు వచ్చినదని భ్రమించి, ఉప్పును నీటిని బయటికి పోనీయక నిలుపుకొనును. నీరు పెరిగినకొలది గుండెకు బరువు పెరుగును. ఈ రోగికి ఉప్పు తగ్గింపుమని చెప్పుటకు కారణమిదియే.

గుండెపోటు, చిరకాలపు రక్తపుపోటు, మధుమేహము, మితిమీరిన మద్యపానము దీనికి ముఖ్య కారణములు. చిన్నతనమున గొంతునొప్పి వెంట కీళ్ళజ్వరము వచ్చి గుండె కవాటములు చెడినవారికి నడివయస్సు రాకమునుపే ఇది రావచ్చును. అట్టివారికి మూడు వారములకొకమారు ఇచ్చు పెన్సిలిన్ సూదిమందును వైద్యుడు చాలుననువఱకు మానరాదు. కాన్పునకు ముందు చివరి నెలలోగాని, తరువాత ఐదు నెలలలోగాని స్త్రీకి ఆయాసమును కాళ్ళవాపును అధికమైనచో బాలింత నీరసమని ఊరకుండక గుండెను పరీక్ష చేయింపవలెను.

ఎకో అను పరీక్ష కాగితముపై 35 అనియో 30 అనియో అంకె యుండును. దానిని చూచి నూటికి 35 పాళ్ళే గుండె మిగిలినదని కుటుంబములు కుమిలిపోవుచుండును. అది సరికాదు. ఆరోగ్యముగల గుండెయు ఒక్కొక్క స్పందనమునకు ఎడమగదిలోని రక్తమంతటిని పంపదు. నూటికి 55 మొదలు 70 పాళ్ళవఱకే పంపును. ఆ లెక్కలో 35 తక్కువయే యైనను శూన్యమునకు చేరువ కాదు. సరిగా మందులు వాడినచో ఆ అంకె పెరిగినవారును కలరు. అంకె తగ్గకున్నను గుండె బిరుసెక్కి ఈ వ్యాధి వచ్చుట కలదు. కావున అంకెనొక్కదానినే చూచి ధైర్యపడుటయు తగదు.

గుర్తింపదగిన లక్షణములు

పూర్వము సులభముగ నడచిన గట్టుమీద ఇపుడు రెండుచోట్ల ఆగవలసి వచ్చుట, వెల్లకిల పండుకొన్న ఊపిరాడక దిండ్లు ఎత్తు చేసికొనుట, నడిరేయి ఆయాసముతో లేచి కూర్చుండుట, రాత్రివేళ పొడిదగ్గు, కాలిమడమపై బొటనవ్రేలితో నొక్కిన గుంట నిలుచుట, కడుపుబ్బి ఆకలి చచ్చుట - ఇవి ముఖ్యములు. వీనిని ముసలితనమని గాని, గ్యాసు అని గాని సరిపుచ్చుకొనరాదు.

దేహమునకు నీరుపట్టు ఈ రోగము క్రొత్తది కాదు. ఇంగ్లండు దేశమున విలియం విదరింగ్ అను వైద్యునికి 1775 సంవత్సరమున ష్రాప్‌షైరులోని ఒక వృద్ధురాలు రహస్యముగ వాడుచుండిన ఆకుమందు తెలియవచ్చెను. అందలి అనేక మూలికలలో పనిచేయునది డిజిటాలిస్ అను మొక్కయని ఆయన గ్రహించి, పదేండ్లు పరీక్షించి, ఎవరికి మేలు చేసినదో, ఎవరికి కీడు చేసినదో దాపఱికము లేక 1785లో గ్రంథముగ ప్రకటించెను. ఆ జాతి మందు డిజాక్సిన్ అను పేర నేటికిని కొందఱికి ఇయ్యబడుచున్నది. కొలత మీఱిన విషమగునని ఆయన నాడే హెచ్చరించెను. మందు కొలతను సొంతముగ మార్చుకొనరాదను నీతి ఇందు కలదు.

తూనిక - దినచిట్టా

సంఘమున దినచిట్టా వ్రాయక ఏడాది చివర లెక్క చూచుకొన్నచో లోటు ఎప్పుడు వచ్చినదో తెలియదు. దేహమునకు తూనికయే చిట్టా. లీటరు నీరు కిలో బరువు తూగును. కాళ్ళవాపు కంటికి కనబడుటకు ముందే బరువు పెరుగును.

ప్రతి ఉదయము మూత్రవిసర్జన చేసిన పిమ్మట, ఏమియు తినకమునుపు, ఒకే విధమైన పలుచని బట్టలతో, ఒకే యంత్రముమీద నిలిచి తూచుకొని, తేదీతో పుస్తకమున వ్రాయవలెను. ఆసుపత్రి విడుచునాటి బరువును మొదటి పంక్తిలో ఉంచవలెను. మూడు దినములలో రెండు కిలోలకు మించి పెరిగినచో అది తిండి వలన వచ్చిన కండ కాదు, నీరు. ఆయాసము వచ్చువఱకు వేచియుండక ఆనాడే వైద్యునికి తెలుపవలెను. బరువు త్వరగా తగ్గి, లేచి నిలిచిన తల తిరుగుచున్నచో నీరు ఎక్కువగ పోయినదని యర్థము, అదియు తెలుపవలెను. చదువురాని పెద్దలకు బడికి పోవు మనుమడో మనుమరాలో ఈ లెక్క వ్రాయవచ్చును.

ఉప్పు, నీరు

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందఱికిని దినమునకు 5 గ్రాములలోపు ఉప్పు చాలునని చెప్పుచున్నది. అది తలకొట్టిన చిన్న చెంచాడు. ఈ రోగికి అంతకంటె హెచ్చు తగదు. వంటలో వేయునది, పచ్చడిలో నున్నది, మజ్జిగలో కలుపుకొనునది - అన్నియు ఈ చెంచాలోనివే. మన భోజనమున కూరకంటె నంజుళ్ళలోనే ఉప్పు దాగియుండును. ఆవకాయ, మాగాయ, చల్లమిరపకాయలు, అప్పడములు, వడియములు, ఉప్పుచేప, అంగడి కారప్పూస - వీనిని దూరముగ నుంచవలెను. గ్యాసుకని వంటసోడా కలిపి త్రాగుటయు ఉప్పు తిన్నట్టిదే.

రోగికి వేఱుగ చప్పిడికూడు పెట్టి తక్కినవారు ఆవకాయ కలుపుకొన్నచో ఆ నియమము పది దినములు నిలువదు. ఉదయముననే ఇంటిల్లిపాదికి తలకొక చెంచా వంతున ఉప్పు కొలిచి గిన్నెలో ఉంచి, ఆనాటి వంట దానితోనే ముగించుట మేలు. చింతపండు, నిమ్మరసము, అల్లము, వెల్లుల్లి, కొత్తిమీర, మిరియములు రుచినిచ్చును. రెండు మూడు వారములలో నాలుక అలవాటు పడును. బజారులో "తక్కువ సోడియము" అని అమ్ము ఉప్పులో పొటాసియము ఉండును. ఈ వ్యాధికి వాడు కొన్ని మాత్రలు రక్తమున పొటాసియమును నిలుపును. రెండును కలిసినచో గుండె లయ తప్పి ప్రాణాపాయము రావచ్చును. కొబ్బరినీళ్ళలోను పొటాసియము అధికము. వైద్యుని అడుగక దినదినము ఇయ్యరాదు.

నీటిని అందఱును తగ్గింపనక్కరలేదు. వైద్యుడు కొలత చెప్పినవారు ఉదయము ఆ కొలత నీటిని చెంబున పోసియుంచి, కాఫీ, మజ్జిగ, చారు, గంజి ఏది త్రాగినను అంత నీటిని చెంబునుండి తీసివేయవలెను. చెంబు వట్టిపోయిననాడు లెక్క ముగిసినట్లే. వడగాడ్పుల దినములలోను, వాంతులు విరేచనములు పట్టినపుడును ఈ కొలతయు, నీరు తీయు మాత్రయు మార్చవలసి యుండవచ్చును. వెంటనే వైద్యుని సలహా పొందవలెను.

మందులు

ఈ వ్యాధికి నేడు నాలుగు తెగల మందులు ఆయుర్దాయమును పెంచునని నిర్ధారణయైనది. ఇక్కడనే గొప్ప తికమక కలదు. ఇందు కొన్నిటిని "బి.పి. మాత్రలు" అనియు, డాపాగ్లిఫ్లోజిన్ వంటివానిని "షుగరు మాత్రలు" అనియు అంగడివారు చెప్పుదురు. "నాకు బి.పి. లేదు, షుగరు లేదు, ఇవి యేల?" అని రోగి మానివేయును. అవి గుండె బరువును తగ్గించుటకే ఇయ్యబడినవి. డాపాగ్లిఫ్లోజిన్ మధుమేహము లేని గుండెరోగులకును మేలు చేయునని 2019లో రుజువైనది. ఫ్యూరోసెమైడ్ వంటి నీరు తీయు మాత్రను ఉదయము వేసికొన్న రాత్రి నిద్ర చెడదు.

కోలుకొన్నవారు మందులు మానవచ్చునా యను ప్రశ్నకు లండను వైద్యులు పరీక్ష చేసి 2019లో లాన్సెట్ పత్రికలో సమాధానము ప్రకటించిరి. గుండె కండరము చెడి, మందులతో గుండె పూర్తిగ కుదుటపడినవారిలో 25 మందికి మందులు క్రమముగ మాన్పించిరి. ఆరు నెలలలో 11 మందికి వ్యాధి తిరుగబెట్టెను. మందులు వాడుచునే యున్న 26 మందిలో ఒక్కరికిని తిరుగబెట్టలేదు. కట్ట నిలిచినదని కట్టకు వేసిన మట్టి తీసివేయుదుమా?

మఱి మూడు జాగ్రత్తలు. పొలము పని తరువాత ఒడలినొప్పులకు అంగడిలో అమ్ము డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు దేహమున నీటిని నిలిపి మూత్రపిండములను చెఱుచును, వానిని తాకరాదు. నీరసముగ నున్నదని సెలైను సీసా ఎక్కించుకొనుట మన పల్లెలలో పరిపాటి. నీటితో క్రుంగిన గుండెకు అది మఱియొక కాలువ త్రవ్వి నీరు పెట్టుట. కొత్త వైద్యుని యొద్దకు ఏ జబ్బుకై పోయినను మందుల చీటీని వెంట తీసికొనిపోయి "నాకు గుండె బలహీనత కలదు" అని మొదట చెప్పవలెను.

పని, విశ్రాంతి

నీరు తీసి ఒడలు కుదుటపడిన పిమ్మట మంచము పట్టియుండుట మేలు కాదు. ఇంటిముందు పది నిమిషముల నడకతో మొదలిడి వారవారము పెంచవలెను. నడచుచు మాటలాడగలిగినంత వేగము సరియైనది. మాట తెగుచున్నచో ఆగవలెను. మందుడబ్బా వీపున మోసి పిచికారి చేయుట, బస్తాలెత్తుట, మిట్టమధ్యాహ్నపు పని తగవు. గట్టు చూచుట, కూలీల లెక్క వ్రాయుట, విత్తనములు ఏరుట చేయవచ్చును. చుట్ట, బీడి, సారాయి పూర్తిగ మానవలెను. ఏటేట ఇన్‌ఫ్లుయెంజా టీకా వేయించుకొనుట మంచిది. యజమాని పనిలేక కూర్చుండి దిగులుపడును. సేవ చేయు ఇల్లాలు నిద్రలేక నీరసించును. ఇరువురి సంగతియు తక్కిన కుటుంబము కనుగొనుచుండవలెను.

ఆపత్సమయము

కూర్చున్నను ఊపిరాడక, నురుగు కళ్ళె పడుచున్నను, ఛాతీనొప్పి వచ్చినను, స్పృహ తప్పినను జాగుచేయరాదు. స్పృహ యున్నవానిని పండుకొనబెట్టక, కాళ్ళు క్రిందికి వ్రేలాడునట్లు నిటారుగ కూర్చుండబెట్టి, 108 బండిని పిలువవలెను. నీరు పట్టింపరాదు. మందుల చీటీ, తూనిక పుస్తకము వెంట పంపవలెను.

సంఘము చేయదగినది

2013లో తిరువనంతపురము జిల్లాలో 18 ఆసుపత్రులలో ఈ వ్యాధితో చేరిన 1,205 మందిని వెంబడించి చూడగా, ఏడాదిలో నూటికి సుమారు 31 మంది మరణించిరి. వారి సగటు వయస్సు 61 ఏండ్లు. ఇది స్వల్పమైన రోగము కాదు. కాని చేయదగినది లేకపోలేదు. అమెరికాలోని సెయింట్ లూయిసు నగరమున 282 మంది వృద్ధరోగులలో సగము మందికి నర్సు ఆహారమును, మందులను, తూనికను బోధించి, ఇంటికి పోయినపిదపను విచారించుచు వచ్చెను. మూడు నెలలలో వారు మరల ఆసుపత్రిలో చేరినది 53 మారులు. తక్కిన సగము మంది 94 మారులు. 1995లో ప్రకటింపబడిన ఈ ఫలితమునకు మూలము క్రొత్త యంత్రము కాదు, విచారించు మనిషి.

అట్టి విచారణ మనకును అసాధ్యము కాదు. సంఘ కార్యాలయమున ధాన్యము తూచు కాటా ఉన్నది. దాని ప్రక్కన మనుష్యులను తూచు చిన్న కాటా ఒకటి, రక్తపుపోటు చూచు పరికరము ఒకటి ఉంచినచో వ్యయము స్వల్పము. ఆశా కార్యకర్తయు, ఏ.ఎన్.ఎమ్. గారును వారమునకొకమారు అచ్చట కూర్చుండి తూనిక పుస్తకములు చూచినచో, నీరు చేరుచున్నవారిని ఆయాసము రాకమునుపే గుర్తింపవచ్చును. ఈ ఆయాసముతో బాధపడు పొరుగువారు మీ వీథిలో నున్నచో ఈ వ్యాసమును వారికి చదివి వినిపింపుడు. రేపు ఉదయము తూనికతో చిట్టా ప్రారంభింపజేయుడు.