నక్కకు అందని గూడు

అదృష్టము కలసివచ్చిన వానిని చూచి "నక్కతోక తొక్కినాడు" అనుట మన వాడుక. కాని తెల్లవారి లేచి, గూటితలుపు వారగా తెరచియుండి, వాకిట ఈకలు మాత్రమే మిగిలియుండుట చూచిన ఇల్లాలికి ఆ మాట రుచింపదు. కృత్తివెన్ను మొదలుకొని ఉప్పుటేటి ఒడ్డుననున్న పల్లెలలోను, బందరు తీరమునను, దివిసీమలోను నాటుకోళ్ళను, బాతులను పెంచు ఇండ్లు కలవు. ఆ పది కోళ్ళే ఆ ఇల్లాలి పొదుపుపెట్టె. పిల్లవాని పుస్తకములకు, పండుగబట్టకు, వేళగానివేళ వచ్చిన జ్వరమునకు ఆ గుడ్ల డబ్బులే ఆదుకొనును. అట్టి పెట్టెను ఒక్క రాత్రిలో కొల్లగొట్టు దొంగను గూర్చియు, ఆ దొంగను చంపకయే గూటిని కాచుకొను ఉపాయములను గూర్చియు ఈ ప్రసంగమున మనవి చేయుదుము.

మొదట దొంగ నెరుగవలెను. మన డెల్టాలో ప్రొద్దుగూకిన పిమ్మట గుంపుగా ఊళపెట్టునది నక్క. గుంటనక్క దాని చుట్టమేకాని, దానికంటె చిన్నది, మెట్టబయళ్ళను కోరును. నక్క పగలు మడ అడవిలోనో, మొగలిపొదలలోనో, సర్కారుతుమ్మ చాటుననో పడుకొని, సందెవేళను, వేకువను తిరుగును. గోళ్ళతో నేలను త్రవ్వగలదు. పలుచని జాలిని పండ్లతో చీల్చగలదు. దొరికిన కోడిని సాధారణముగా అక్కడ తినక నోట కరచుకొని పోవును. కావున ఈకలు బారుగా పొదలవైపు సాగియున్నచో అది నక్క పని యనుకొనవచ్చును.

నక్క ఒక్కటే దొంగ కాదు. గూటిలోనే పక్షి మెడకొరికి పడవేయబడి, గుడ్లు పగిలియున్నచో ముంగిసను అనుమానింపవలెను. పెంకుకూడ మిగులక గుడ్లు మాయమైనచో పాము మ్రింగియుండును. చేపలచెరువుల గట్లవెంబడి తిరుగు నీటిపిల్లి ముఖ్యముగా చేపలను తిని బ్రతుకునదైనను, అందినప్పుడు కోడిని విడువదు. ఎగబ్రాకుటలో అది నక్కను మించినది. త్రవ్వు దొంగకు అడుగున, ప్రాకు దొంగకు పైన, దూరు దొంగకు సందులలో కాపు కావలెను.

ఇట్లు నష్టపోయినవారికి వెంటనే తోచు ఉపాయములు మూడు: విషము, ఉచ్చు, కరెంటుతీగ. మూడును కీడే. పురుగులమందు కలిపిన మాంసమును నక్కయే తినునను నమ్మకమేమి? ఇంటికుక్క తినును, పిల్లి తినును, గ్రద్ద తినును. ఉచ్చులో నీటిపిల్లి పడవచ్చును, పొరుగువాని మేకయు పడవచ్చును. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నక్కకును, నీటిపిల్లికిని రక్షణ కల్పించినది. వానిని చంపుట నేరము. ఇక ఇంటి కరెంటును తిన్నగా కంచెతీగకు తగిలించుట అన్నిటికంటె ఘోరము. చీకటిలో నీరు పెట్టబోయిన రైతులు ఇట్టి తీగలు తగిలి మరణించిన ఉదంతములు మన రాష్ట్రమున ఎన్నో జరిగినవి. విదేశములలో పశువుల కంచెలకు వాడు విద్యుత్తు వేరు. అందు ప్రత్యేకయంత్రము క్షణకాలపు చురుకును మాత్రమే పంపును. దానిని చూచి ఇంటి 230 వోల్టులను తీగకెక్కించుట మనుష్యుల ప్రాణములతో ఆడుకొనుటయే.

మరియొక సంగతి. నక్కకు కోడి ప్రతిరాత్రి దొరకు భోజనము కాదు. పొలములోని ఎలుకలు, కాలువగట్టు పీతలు, చచ్చిన పశువుల మాంసము, రాలినపండ్లు దాని ఆహారములో పెద్దభాగము. వరిపండించు డెల్టా రైతునకు ఎలుక ఎంతటి శత్రువో వేరుగ చెప్పనక్కరలేదు. నక్కను తుదముట్టించిన ఊరు తన గాదెను కాచు ఒక కూలిలేని కావలివానిని పోగొట్టుకొన్నట్లే. కనుక నక్క పొలములో నుండవలెను, గూటిలోనికి రాకుండవలెను. మేము చెప్పదలచినదెల్ల ఈ ఒక్క మాటలోనే యున్నది.

ఇంగ్లండులో వేటకై ఫెజెంటు పక్షులను పెంచువారు దొడ్లచుట్టును సుమారు 6 అడుగుల ఎత్తున జాలి కట్టి, దాని అడుగును భూమిలో పాతి వెలుపలికి మడతురు. నక్కజాతి జంతువు కంచె మొదట నిలిచి త్రవ్వునేకాని, రెండడుగులు వెనుకకు జరిగి త్రవ్వవలెనను ఆలోచన దానికి సాధారణముగా రాదు. గోళ్ళకు జాలి తగులగనే విసిగి వెడలిపోవును. ఈ కిటుకు మనకును పనికివచ్చును. కాని మన తీరపునేల ఉప్పునేల. కొంచెము త్రవ్విన నీరూరును. పాతిన ఇనుము త్వరగా తుప్పుపట్టును. అందుచే జాలిని లోతుగా పాతక, గూటి అడుగునుండి వెలుపలికి రెండడుగుల వెడల్పున నేలమీద పరచి, సరుగుడు మేకులు దిగగొట్టి, పైన ఇటుకలు పేర్చుట మేలు. తుప్పుపట్టిన ముక్కను తీసి కొత్తది వేయుటయు సులభము.

జాలి యెంచుటలో పొరపడరాదు. ఆరుమూలల కన్నులుగల పలుచని కోళ్ళవల కోడిని లోపల ఉంచునేకాని నక్కను వెలుపల ఉంచలేదు. అర అంగుళము కన్నుగల వెల్డింగుజాలి గట్టిది. అంతటి ఖర్చునకు ఓపలేనివారు, కనీసము నేలనుండి మూడడుగుల ఎత్తువరకైనను దానిని వేసి, పైభాగమునకు వెదురుబద్దలను దగ్గరగా కట్టుకొనవచ్చును. పైకప్పు లేని గూడు గూడు కాదు. తలుపునకు ఒక కొయ్యపుడక చాలదు. గొళ్ళెము, దానికి చీల ఉండవలెను.

వరదనీరు వచ్చు మన పల్లెలకు అన్నిటికంటె తగినది మంచెగూడు. నాలుగు తాటిమొద్దులపై, నేలకు మూడు నాలుగడుగుల ఎత్తున గూడు కట్టినచో నక్కకు త్రవ్వుటకు చోటులేదు, కోడికి తేమ అంటదు. అడుగుబద్దల నడుమ రెట్ట జారునంత సందు చాలును. సందు పెద్దదైనచో క్రిందనుండి నక్క కోడికాలిని పట్టి లాగగలదు. పక్షులు నిద్రించు దండెమును జాలికి అడుగుదూరమున కట్టుటయు ఇందులకే. నిచ్చెనబల్లను సందెవేళ తీసివేయుట మరువరాదు. గంపక్రింద కోళ్ళను మూయు ఇండ్లవారు గంపపై బరువైన రాయి నుంచి, దానిని వసారాలోనికి చేర్చుకొనవలెను.

బాతుల సంగతి కొంచెము వేరు. కోడివలె అవి చీకటిపడగనే తమంతట గూటికి చేరవు, చెరువులోనే యుండిపోవును. ప్రతిసాయంకాలము ఒకేవేళకు, ఒకే పిలుపుతో గుప్పెడు తవుడో నూకలో వేసి లోనికి రప్పించినచో కొలదిదినములలో అలవాటుపడును. బాతులు హెచ్చుగా తెల్లవారుజామున గుడ్లు పెట్టును. కావున ఉదయము 8, 9 గంటలవరకు వానిని లోపలనే ఉంచిన యెడల నక్క తిరుగు వేకువసమయము గడచిపోవును, గుడ్లును చెరువుపాలు కాక చేతికి దక్కును. ఒక్క పనికి రెండు ఫలములు!

ఈనాడు కొందరు కౌజుపిట్టలను పెంచుచున్నారు. పెంపకమునకు వచ్చినవి జపాను కౌజులు. అవి మన దేశమునకు 1974లో వచ్చినవి. మన పొలములలోని అడవికౌజులను పట్టుట చట్టము ఒప్పదు. ఈ చిన్నపక్షులకు ముంగిసయు, పందికొక్కును నక్కకంటె పెద్ద శత్రువులు. అర అంగుళమునకు మించిన కన్ను పనికిరాదు. అలికిడి విన్నంతనే ఇవి నిట్టనిలువుగ ఎగిరి తల పగులగొట్టుకొనును. కాన పంజరపు కప్పును తక్కువ ఎత్తున ఉంచి, లోపలివైపు గోనెగుడ్డ కట్టవలెను.

గూడెంత గట్టిదైనను, దొంగను మనమే పిలుచుచున్నచో ఫలమేమి? చచ్చిన చేపలను, రొయ్యలను చెరువుగట్టున పారవేయుట, కోళ్ళ ప్రేవులను ఇంటివెనుక గుమ్మరించుట నక్కకు విందుపిలుపే. వాసనపట్టి వచ్చినది రెండవనాడు గూటిని వెదకును. చచ్చినవానిని లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్చవలెను. నీరూరు చోట మెరకపై గొయ్యి తీయవలెను. ఇది ఒక్క ఇంటివల్ల కాదు. పేటలోని వారందరు కలిసి చేసిననే ఫలించును.

ఒక హెచ్చరిక. పట్టపగలు జంకులేక మనుష్యులమీదికి వచ్చు నక్కకు రేబిస్ ఉండవచ్చును. కర్రపట్టి దానివెంట పరుగెత్తరాదు, అటవీశాఖవారికి తెలుపవలెను. కరచినను గీరినను ఆ గాయమును సబ్బుతో, ధారగా పారు నీటితో 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. పసుపో కారమో అద్ది కూర్చుండుట ప్రాణాపాయము. కాపలా కుక్కకు ఏటేట టీకా వేయించుటయు మన కర్తవ్యమే.

ఇన్ని చెప్పినను, గూడు సగమే కాపు. తక్కిన సగము సందెవేళ గొళ్ళెము వేయు చేయి. దీపము పెట్టువేళకే పక్షులను లెక్కించి, తలుపుమూసి, చీల దిగిన చప్పుడు వినుట ఇంటిలో ఒకరి పనిగా నిర్ణయింపుడు. ఆ పని పిల్లల కప్పగించినను, పెద్దలు ఒకసారి చేయిపెట్టి చూడుడు. అటుపిమ్మట ఉప్పుటేటి ఆవల నక్కలు ఎంతసేపు కూసినను, అవి ఎలుకలవేటకు బయలుదేరినవని తలచి నిశ్చింతగా నిద్రింపవచ్చును.