ఈసీజీ గీతలో రక్త లవణాల జాడ

ఈసీజీ యంత్రం నమోదు చేసే విద్యుత్తు గుండె కండర కణాల పొరల దగ్గర పుడుతుంది. దాన్ని నడిపించేవి సోడియం, పొటాషియం, కాల్షియం. వీటికి వెనక నుంచి మెగ్నీషియం తోడుంటుంది. కణం లోపల పొటాషియం లీటరుకు సుమారు 140 మిల్లీమోల్స్ ఉంటుంది, బయట రక్తంలో 3.5 నుంచి 5 మాత్రమే ఉండాలి. సోడియం సంగతి దీనికి తలకిందులు. సోడియం ఒక్కసారిగా లోపలికి దూసుకొస్తే కణం ఉత్తేజితమవుతుంది. వెంటనే కాల్షియం ప్రవేశించి కండరం ముడుచుకునేలా చేస్తుంది. ఆ తర్వాత పొటాషియం బయటికి వెళ్లి కణాన్ని మళ్లీ విశ్రాంతి స్థితికి తెస్తుంది. కాగితం మీద పై గదుల ఉత్తేజం చిన్న పి తరంగంగానూ, కింది గదుల ఉత్తేజం నిటారైన క్యూఆర్ఎస్‌గానూ, ఆ గదులు తేరుకోవడం గుండ్రని టి తరంగంగానూ పడతాయి.

ఈ లవణాల పాత్ర కాకతాళీయంగా బయటపడింది. 1880ల తొలినాళ్లలో వైద్యుడు సిడ్నీ రింగర్ లండన్‌లో కప్ప గుండెను వేరు చేసి, ఉప్పు ద్రావణంలో చాలాసేపు కొట్టుకునేలా చేశాడు. ఆ ద్రావణాన్ని స్వేదన జలంతో కాక కుళాయి నీళ్లతో కలిపారని తర్వాత తెలిసింది. స్వేదన జలం వాడి చూస్తే గుండె కాసేపటికే ఆగిపోయింది. కుళాయి నీళ్లలోని కాల్షియమే దాన్ని నడిపించింది. ఆసుపత్రుల్లో ఎక్కించే రింగర్ లాక్టేట్ సెలైన్‌కు పేరు ఆయనదే.

వైద్యులను ఎక్కువగా భయపెట్టేది పొటాషియం. ఒంట్లోని పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. మిగిలిన ఆ కాస్తలో తేడా వచ్చినా గుండె తట్టుకోలేదు. రక్తంలో అది పెరిగినప్పుడు సాధారణంగా ముందు టి తరంగం సన్నగా, ఎత్తుగా, గుడారం మొనలా లేస్తుంది. ఇంకా పెరిగితే పి తరంగం చదునై మాయమవుతుంది, క్యూఆర్ఎస్ వెడల్పవుతుంది. చివరికి అన్నీ కలిసిపోయి ఒకే పెద్ద అలగా మారతాయి. అక్కడి నుంచి గుండె ఆగిపోవడానికి ఎంతో సేపు పట్టదు. అయితే ఈ మెట్లు పుస్తకంలో ఉన్నంత వరుసగా రోగిలో కనిపించవు. పొటాషియం బాగా పెరిగినా ఈసీజీ మామూలుగానే ఉండవచ్చు. కాబట్టి గీత బాగుందని రక్త పరీక్ష మానుకోవడం తప్పు.

మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి వంటి మండలాల కిడ్నీ రోగులకు ఒక్క డయాలసిస్ తప్పినా పొటాషియం పేరుకుపోవచ్చు. ఆరోగ్యానికి మంచిదని అందరూ తాగే కొబ్బరి నీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది, వీరికి అదే హాని. బీపీకి వాడే టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వంటి మాత్రలూ కొందరిలో దాన్ని పెంచుతాయి.

వాంతులు, విరేచనాలు, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్రలు పొటాషియాన్ని తగ్గిస్తాయి. అప్పుడు టి తరంగం అణిగిపోయి, దాని వెనక యు అనే మరో చిన్న తరంగం తలెత్తుతుంది. మెగ్నీషియం కూడా తక్కువైతే ఎంత పొటాషియం ఇచ్చినా ఒంట్లో నిలవదు. కాల్షియం ప్రభావం క్యూటీ వ్యవధి మీద, అంటే క్యూఆర్ఎస్ మొదలు నుంచి టి తరంగం చివరి దాకా పట్టే సమయం మీద పడుతుంది. తగ్గితే అది సాగుతుంది, పెరిగితే కురచవుతుంది. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత కాల్షియం పడిపోయినవారిలో ఈ సాగుదల కనిపించవచ్చు. సోడియం హెచ్చుతగ్గులు మెదడును కలవరపెడతాయి గానీ ఈసీజీలో అంతగా తెలియవు.

  చిన్న క్లినిక్‌లో రక్తం తీసి దూరంలోని ల్యాబ్‌కు పంపితే చిక్కే. ఫలితానికి గంటలు పడుతుంది, ఈసీజీ ఐదు నిమిషాల్లో చేతికొస్తుంది. పైగా నమూనా దారిలో కుదుపులకు గురైతే ఎర్ర కణాలు పగిలి, వాటిలోని పొటాషియం బయటపడి అంకె తప్పుగా పెరుగుతుంది. రక్తం తీసేటప్పుడు పట్టీ బిగించి పిడికిలి పదే పదే మూయించినా అంతే. రిపోర్టులో 6.5 ఉండి, ఈసీజీ మామూలుగా ఉండి, రోగికి కిడ్నీ జబ్బేమీ లేకపోతే ముందు మళ్లీ రక్తం తీసి చూస్తారు. గీతలో మార్పు స్పష్టంగా ఉంటే మాత్రం రిపోర్టు కోసం ఆగరు.

అప్పుడు ముందుగా 10 శాతం కాల్షియం గ్లూకోనేట్‌ను నరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తారు. ఇది పొటాషియాన్ని తగ్గించదు, గుండె కణాల పొరను కాసేపు కాపాడుతుంది. ఆ కాపుదల అరగంట నుంచి గంట వరకే. ఈలోగా గ్లూకోజ్‌తో కలిపి ఇచ్చే ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది. ఒంట్లోంచి దాన్ని బయటికి పంపేది మూత్రపిండాలు, అవి పనిచేయకపోతే డయాలసిస్. కాల్షియం ఎక్కించాక ఐదు నిమిషాలకు మళ్లీ ఈసీజీ తీస్తారు. క్యూఆర్ఎస్ ఇంకా వెడల్పుగానే ఉంటే మరో మోతాదు ఇస్తారు.