కిరీటం వద్దన్న మదనపల్లె కుర్రాడు

ఒక మామూలు పిల్లాడు. అమ్మ లేదు. ఓరోజు ఎవరో వచ్చి 'లోకాన్ని ఉద్ధరించేది నువ్వే' అంటారు!

పిల్లలు ఇష్టంగా చదివే మాయామంత్రాల కథలు చాలావరకూ ఇలాగే మొదలవుతాయి. హ్యారీ పోటర్‌దీ అదే దారి. మధ్యలో ఎన్ని యుద్ధాలున్నా అసలు పరీక్ష చివర్లో వస్తుంది... చేతికందిన శక్తిని ఏం చేసుకోవాలి? 2007లో వచ్చిన ఆఖరి పుస్తకంలో హ్యారీ, అన్నిటికన్నా బలమైన మంత్రదండాన్ని తన దగ్గర ఉంచుకోవడానికి ఇష్టపడడు.

అలాంటి పరీక్షే నిజజీవితంలో ఎదుర్కొన్న కుర్రాడు మన మదనపల్లెలో పుట్టాడు. పేరు జిడ్డు కృష్ణమూర్తి. 1895లో పుట్టిన అతడు పదేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకున్నాడు. 1909లో తండ్రి నారాయణయ్య పిల్లలతో సహా మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరారు. ఆ ఏడాదే అక్కడి సముద్రతీరంలో సమాజ ప్రముఖుడు లెడ్‌బీటర్ కంట పడ్డాడు కృష్ణమూర్తి. జగద్గురువు ఈ పిల్లాడి రూపంలోనే వస్తాడన్నాడాయన. 1911లో అందుకోసం ఓ అంతర్జాతీయ సంస్థే వెలిసింది. పదహారేళ్లకే దానికి అధిపతి!

పిల్లల్ని తిరిగి అప్పగించాలంటూ తండ్రి అనీబిసెంట్ మీద కోర్టుకెక్కారు. 1914లో ప్రీవీ కౌన్సిల్‌లో ఆమే గెలిచారు. 1925లో తమ్ముడు నిత్యానంద క్షయతో చనిపోయాడు. తమ్ముడికి ఏమీ కాదని నమ్మిన కృష్ణమూర్తి కుప్పకూలిపోయారు.

1929 ఆగస్టు 3. హాలెండ్‌లోని ఓమెన్. ఎదురుగా దాదాపు 3,000 మంది. వారిలో తాను 'అమ్మా' అని పిలిచే అనీబిసెంట్ కూడా ఉన్నారు. కాదంటే ఆమె నొచ్చుకుంటారు. ఔనంటే తన మనసు ఒప్పుకోదు. 34 ఏళ్ల కృష్ణమూర్తి ఆ సంస్థను రద్దు చేశారు. తనకు శిష్యులు అక్కర్లేదన్నారు. విరాళంగా వచ్చిన ఆస్తులు దాతలకు తిరిగి ఇచ్చేశారు. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆయనకు ఇరవై ఏళ్లు పట్టింది.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి ఆయన ఆలోచనల్లోంచి పుట్టిందే. ఒకరితో ఒకరిని పోల్చని చదువు ఆయన కోరుకున్నది.

మదనపల్లె అయినా, పుంగనూరైనా, కుప్పమైనా... 'ఎంపికైన' పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. మావాడు ఇంజినీరు, మా అమ్మాయి డాక్టరు అని ముందే రాసిపెట్టేస్తాం. అదీ ప్రేమతోనే. అందుకే వాళ్లకు వద్దనడం అంత కష్టం!

ఈసారి మీ పిల్లలు మంత్రాల కథ చదువుతుంటే, 'తర్వాత ఏమైంది?' అని కాకుండా 'నువ్వయితే ఏం చేస్తావు?' అని అడిగి చూడండి. జవాబు మనకు నచ్చకపోయినా సరే, చివరిదాకా విందాం.