చిత్రకల్పనకు కంప్యూటరు: భాగముల యెంపిక



చీర కొనునపుడు మనము అంచును, నేతను, రంగును వెలుగులోనికి తెచ్చి పరీక్షింతుము. నగ చేయించునపుడు కంసాలియెదుట కూర్చుండి తూకము చూచుకొందుము. ఐనను వేలకొలది రూపాయలు వెచ్చించి కంప్యూటరు కొనవలసివచ్చినపుడు మాత్రము అది మనకు తెలియని విద్య యని తలంచి, దుకాణదారు చెప్పిన దానికెల్ల తలయూపుదుము. నేనును ఒకప్పుడట్లే తలయూపితిని. దాని ఫలమెట్టిదో చెప్పి, పిదప నేర్చుకొన్న విషయములను మీకు విన్నవించుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మావారు పాఠశాలలో ఉపాధ్యాయులు. మా ఆడుబిడ్డ శుభలేఖలను, పుస్తకముల ముఖపత్రములను, చీరల కొంగులకు వలయు చిత్రములను ఇంటియొద్దనే కల్పించి సంపాదించుచున్నది. 2022లో ఆమెకొఱకు ఒక దుకాణమున 45,000 రూపాయలకు కంప్యూటరు కూర్పించితిమి. పెట్టెకు అద్దపు తలుపు, లోపల రంగురంగుల దీపములు. చూచుటకు తిరునాళ్ళ ప్రభవలె నుండెను. కాని లోపలనున్న పవరు సప్లయిమీద చేసినవారి పేరైనను లేదు. మరుసటియేటి వానకాలమున ఒకనాటి రాత్రి కరెంటు పోయి వచ్చుటతో అది కాలిపోయెను. దానితోపాటు డిస్కును చెడెను. మూడు నెలల పని మఱి కనబడలేదు. ముహూర్తమునకు అందవలసిన శుభలేఖలు అందింపలేక, తీసికొన్న బయానా తిరిగి యిచ్చితిమి. “వదినా, నా చేతులు విఱిగినట్లున్న”దని యామె యేడ్చినది.

2024లో తన గొలుసు కుదువబెట్టి 80,000 రూపాయలు తెచ్చెను. ఈ మాఱు తెలిసికొనక ఒక్క మేకైనను కొనరాదని నిశ్చయించుకొని, మేమిద్దఱము నెలదినములు విచారించితిమి.

మొట్టమొదట నిర్ణయింపవలసినది భాగములు కావు, పని. శుభలేఖలు, ముఖపత్రములు చేయువారికి ఫోటోషాప్, ఇల్లస్ట్రేటర్ వంటివి గాని, వెల లేకుండ దొరకు క్రిటా, ఇంక్‌స్కేప్, జింప్ వంటివి గాని చాలును. ఇంటి గదులను, వస్తువులను మూడు కొలతలలో నిర్మించి చూపువారికి బ్లెండర్ వంటివి వలయును. ఈ రెండు పనులకు వలయు యంత్రములు వేఱు. విందునకు ఎందఱు వచ్చుదురో తెలియక బియ్యము కొలువము గదా!

యంత్రమును వంటయింటితో పోల్చిన సులభముగా బోధపడును. ప్రాసెసరు వంట చేయు మనిషి. ర్యాము వంటగట్టు. డిస్కు సామానులగది. గ్రాఫిక్సు కార్డు పెండ్లికి పిలిచిన వంటవారి మేళము.

ప్రాసెసరునందు పనిచేయు అంగములను కోరులందురు. బొమ్మలు దిద్దు పనులలో పెక్కు ఒక్కొక్క కోరుయొక్క వేగముమీదనే ఆధారపడును. మూడు కొలతల చిత్రములను తేర్చుటకును, వీడియోలకును కోరుల సంఖ్య యెక్కువ యుపకరించును. కావున శుభలేఖలకు పదునాఱు కోరుల ప్రాసెసరు కొనుట వ్యర్థము. ఆఱు కోరులది చాలును. మఱియొక సంగతి: ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర “ఎఫ్” అను అక్షరమున్నచో దానిలో బొమ్మను తెరపై చూపు శక్తి యుండదు, వేఱుగ గ్రాఫిక్సు కార్డు కొనక తప్పదు. వెల కొంత తక్కువయని దానిని తెచ్చుకొని, తెర నల్లగా నుండుట చూచి విచారించువారు గలరు.

ర్యాము ఎంత వలయునో లెక్కవేసి చూతము. ఒక మీటరు పొడవు, 1.15 మీటర్ల వెడల్పు గల చీరకొంగు చిత్రమును అంగుళమునకు 150 చుక్కల చొప్పున గీసినచో సుమారు 4 కోట్ల చుక్కలగును. చుక్కకు నాలుగు బైట్ల వంతున ఒక్క పొరకే 160 ఎం.బి. పట్టును. లతలకొక పొర, హంసలకొక పొర, నేల రంగునకొక పొర యని 25 పొరలైనచో 4 జి.బి. కావలసివచ్చును. ఇదిగాక తక్కిన కార్యక్రమములు గట్టుమీద నుండవలెను. వెనుకటి రూపమునకు మరలుటకై యంత్రము పాతవానిని గూడ నిలుపుకొనును. కావుననే 16 జి.బి. కనీసమనియు, ఇట్టి పెద్ద చిత్రములకు 32 జి.బి. సుఖమనియు తెలియవలెను. 2025 చివర ర్యాము ధరలు మిక్కిలి పెరిగినవి. అట్టి సమయమున 16 జి.బి. పలక నొకదానిని వేసి, రెండవ గూటిని ఖాళీగా నుంచుకొనుట గృహిణీధర్మము. డిడిఆర్4 పలక డిడిఆర్5 గూటిలో ఇముడదు. ఈ మాట చీటిపై వ్రాసికొని పోవలెను.

సామానులగది విషయమున ఎన్‌విఎంఇ రకపు ఎస్.ఎస్.డి. ఉత్తమము. పాత తరహా తిరుగుడు డిస్కు సెకనునకు 150 ఎం.బి. ప్రాంతమున చదువగా, సాటా ఎస్.ఎస్.డి. 550 వఱకును, ఎన్‌విఎంఇ 3,000కు పైబడియు చదువును. తిరుగుడు డిస్కు నకళ్ళు దాచుటకు మాత్రము నేటికిని చవుక.

గ్రాఫిక్సు కార్డు కొఱకే దుకాణములలో ఎక్కువ ఒత్తిడి చేయుదురు. బ్లెండరు వంటి పనులకది ప్రాణము. శుభలేఖలకు అది పదిమంది భోజనమునకు పెండ్లి వంటమేళమును పిలుచుట. మేము కార్డు కొనలేదు. మున్ముందు వలసినచో పెట్టుకొనుటకు చోటు మాత్రముంచితిమి.

మదర్‌బోర్డునకు ప్రాసెసరు గూడే ముఖ్యము. ఇంటెల్ వారి ఎల్‌జిఏ1700 గూటిలో 12, 13, 14 తరముల ప్రాసెసర్లు పట్టును. ఏ.ఎం.డి. వారు 2022లో తెచ్చిన ఏఎం5 గూటిలో 7000, 9000 వరుసలవి పట్టును. గూడు కలియనిది ఎంత గొప్పదైనను నిరుపయోగము.

ఇక మమ్ము దెబ్బతీసిన పవరు సప్లయి. తెరకును వేగమునకును దీనితో పనిలేదు గనుక అందఱును ఇక్కడనే పొదుపు చేయుదురు. పేరున్నవారు చేసినదై, కొన్ని సంవత్సరముల వారంటీ గలదై, “80 ప్లస్” గుర్తున్నదానిని కోరవలెను. ఆ గుర్తు విద్యుత్తును ఎక్కువగా వృథా చేయదని తెలుపును. మన్నికకు వారంటీయే సాక్ష్యము. మధ్యరకపు కార్డుతోగూడ 550 వాట్లు చాలును. దీనికి తోడు యు.పి.ఎస్. తప్పక యుండవలెను, కరెంటు పోయినపుడు పనిని భద్రపఱచి యంత్రమును ఆపుటకు అది వ్యవధి నిచ్చును.

మానిటరును చివర మిగిలిన సొమ్ముతో కొనుట గొప్ప పొరపాటు. మొదటి యంత్రపు తెరపై కుంకుమవలె కనబడిన రంగు కాగితముపై ఇటుకపొడివలె వచ్చి, ఒకరి శుభలేఖలు మఱల అచ్చువేయింపవలసివచ్చెను. ఐపిఎస్ తెర ప్రక్కనుండి చూచినను రంగు మారదు. ఎస్‌ఆర్‌జిబి యను రంగుల కొలతను నూటికి నూఱు పాళ్ళు చూపునది కావలెను. ఐనను తెర వెలుగుతోను, కాగితము సిరాతోను రంగు చూపును గనుక, ముందొక నమూనా ప్రతిని అచ్చువేయించి చూచుకొనుట మేలు.

2024లో మా లెక్క యిది: ఆఱు కోరుల ప్రాసెసరు 20,000, మదర్‌బోర్డు 12,000, 32 జి.బి. ర్యాము 9,500, ఒక టి.బి. ఎస్.ఎస్.డి. 6,500, పవరు సప్లయి 4,500, దీపములు లేని పెట్టె 3,500, మానిటరు 16,000, యు.పి.ఎస్. 5,000. మొత్తము 77,000. మిగిలిన మూడు వేలు నకళ్ళు దాచు డిస్కునకు సరిపోయెను. ధరలు మారుచుండును, పాళ్ళను మాత్రము చూచుకొనుడు.

దుకాణమునకు పోవునపుడు ప్రతి భాగముయొక్క పూర్తి పేరును చీటిపై వ్రాసికొని, మా ఆడుబిడ్డయే మాటలాడెను. దుకాణదారు రెండు మాఱులు మావారివైపు చూచి జవాబు చెప్పెను. మూడవమాఱు ఆమెవైపు తిరిగి చెప్పెను. బిల్లుమీద ప్రతి వస్తువు పేరును, సంఖ్యను వేఱువేఱుగ వ్రాయించుకొంటిమి. వారంటీకి అదియే ఆధారము.

ప్రతిరాత్రియు పని ముగిసిన పిదప ఆమె నకలు తీసి, ఆ డిస్కును బీరువాలో, గొలుసుండిన పెట్టెలోనే పెట్టుచుండెను. 2025 ఉగాదికి గొలుసును విడిపించుకొని వచ్చినది. ఇప్పుడా పెట్టెలో రెండును గలవు.