నత్తలొచ్చాయా... మేత తగ్గించండి!

ముచ్చటపడి విజయవాడ నుంచి నాలుగు నీటి మొక్కలు తెచ్చారు. గన్నవరంలోని ఇంట్లో చేపల తొట్టెలో నాటారు. నెల తిరిగేసరికి మొక్కలు చిగురించాయి. వాటితోపాటే అద్దం నిండా ఆవగింజంత నత్తలు! పిల్లలకు సంబరం, అమ్మకు చిరాకు, నాన్నకేమో ‘మందేసేద్దామా’ అన్న ఆలోచన.

కాస్త ఆగండి. మొక్కల ఆకులకు జిగురు ముద్దల్లా అంటుకుని వచ్చిన గుడ్లవి. చాలారకాల నీటి నత్తల్లో ఆడా మగా ఒకటే. అంటే ఒక్కటి వచ్చినా చాలు, సంతానం మొదలైనట్టే. శంకులా పొడుగ్గా ఉండే ట్రంపెట్ నత్తలైతే గుడ్లు పెట్టవు, ఏకంగా పిల్లల్నే కంటాయి. పగలు ఇసుకలో దాక్కుని రాత్రిళ్లు బయటికొస్తాయి.

మేతే అసలు కారణం

చేపలు వదిలేసిన మేత, కుళ్లిన ఆకులు, నాచు... ఇవే నత్తల తిండి. అది ఎంత ఉంటే అవి అంత పెరుగుతాయి. మన డెల్టా రొయ్యల రైతును చూడండి. చెక్ ట్రే పైకి లాగి, మేత మిగిలితే మర్నాడు తగ్గిస్తాడు. మీ తొట్టెలో ఆ చెక్ ట్రే పని నత్తలు చేస్తున్నాయన్నమాట!

నత్తల్ని చంపే మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. అది తొట్టెలోని చిన్న రొయ్యలకు విషం. పైగా నత్తలన్నీ ఒక్కసారే చచ్చి కుళ్లితే అమ్మోనియా పెరిగి చేపలకూ ముప్పే.

ఇలా చేసి చూడండి

* చేపలు రెండు నిమిషాల్లో తినేసేంతే మేత వేయండి. కుళ్లిన ఆకులు తీసేయండి.
* రాత్రి పడుకునే ముందు కీరదోస ముక్క తొట్టెలో వేయండి. తెల్లారేసరికి దానిమీద చేరిన నత్తలతో సహా తీసేయండి.
* కొత్త మొక్కల్ని రెండు మూడు వారాలు విడిగా బకెట్‌లో ఉంచి, గుడ్లు, పిల్లలు కనిపిస్తే ఏరేశాకే నాటండి.
* తొట్టె కడిగాక చేతులు సబ్బుతో శుభ్రం చేసుకోండి.

కాలువలో పారేయొద్దు

ఏరిన నత్తల్ని ఏలూరు కాలువలోనో, బుడమేరులోనో వదలకండి. 1980 ప్రాంతంలో తినడానికని దక్షిణ అమెరికా నుంచి తైవాన్‌కు తెచ్చిన గోల్డెన్ ఆపిల్ నత్త, ఫిలిప్పీన్స్, వియత్నాం దాకా పాకి వరినాట్లను తినేసింది. మన దగ్గరా ఆక్వేరియంల నుంచి బయటపడ్డ సక్కర్ చేప ‘దెయ్యం చేప’గా పేరు తెచ్చుకుని చెరువుల రైతును ఏడిపిస్తోంది. పశువులకు కార్జపు జలగ రోగం తెచ్చే క్రిములు పెరిగేదీ కొన్ని జాతుల నత్తల్లోనే. అందుకే ఏరినవాటిపై మరిగే నీళ్లు పోసి, పూలకుండీ మట్టిలో పూడ్చేయండి. తొట్టెలో మార్చిన నీళ్లనూ మొక్కలకే పోయండి.

అన్నీ పోవాలన్న పట్టుదల వద్దు. నాలుగైదు మిగిలితే నాచు తిని అద్దం శుభ్రం చేస్తాయి. మళ్లీ పెరిగాయా? ఈసారి చూడాల్సింది నత్తల్ని కాదు... మేత డబ్బా పట్టుకున్న చేతిని!