హెర్నియా: కొల్లేటి సీమలో వినిపించే అపోహలు, వాస్తవాలు

కడుపు కండరాల గోడ ఎక్కడైనా బలహీనపడినప్పుడు లోపలి కొవ్వు పొర గాని, పేగు గాని ఆ సందులోంచి చర్మం కిందికి తోసుకురావడాన్ని హెర్నియా అంటారు. ఇది గజ్జలో, బొడ్డు దగ్గర, పాత ఆపరేషన్ కుట్ల చోట ఏర్పడుతుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లో దీనిపై వినిపించే అపోహల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది, మగవారి గజ్జలోనో వృషణాల సంచిలోనో కనిపించే ప్రతి వాపునూ ‘బుడ్డ’ అని ఒకే గాటన కట్టడం.

ఈ పొరపాటుకు ప్రాంతీయమైన కారణం ఉంది. గోదావరి డెల్టా చాలాకాలంగా ఫైలేరియా ఉన్న నేల. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే సన్నని పురుగులు శోషరస నాళాల్లో, అంటే కణజాలంలోని అదనపు ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే నాళాల్లో, తిష్ఠ వేయడం వల్ల కాళ్లకు బోదకాలు, వృషణాల చుట్టూ నీరు చేరే వరిబీజం వస్తాయి. తాతల కాలం నుంచి వరిబీజాన్ని చూసిన ఊళ్లలో హెర్నియా కూడా అదేననుకోవడం సహజమే గాని, ఒకదానిలో ఉన్నది నీరు, రెండోదానిలో ఉండగలిగేది పేగు. వైద్యుడు రోగిని నిలబెట్టి, గజ్జ మీద వేళ్లు ఆనించి దగ్గమన్నప్పుడు వేళ్లకు లోపలి నుంచి తోపు తగిలితే, పడుకోబెట్టినప్పుడు వాపు లోపలికి జారిపోతే అది చాలావరకు హెర్నియాయే. వాపు పైఅంచు సంచిలోనే చేతికి అందితే, చీకటి గదిలో టార్చిలైటు ఆనించినప్పుడు ఎర్రగా వెలుగు పారితే వరిబీజమని అనుమానించాలి. అనుమానం మిగిలితే స్కానింగు తేలుస్తుంది. ఫైలేరియా మాత్రలు మింగితే హెర్నియా తగ్గదు. నీరు తీయిద్దామని సూది గుచ్చితే పేగుకు చిల్లు పడవచ్చు.

బరువులు మోసేవారికే హెర్నియా వస్తుందన్నది మరో నమ్మకం. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో, బియ్యం మిల్లుల్లో బస్తాలెత్తే ముఠా కార్మికులు, కొల్లేటి చేపల చెరువుల గట్ల మీదికి తవుడు బస్తాలు చేరవేసేవారు ఈ బాధతో ఆస్పత్రికి వస్తారన్నది నిజమే, బరువు పనికి ఇందులో పాత్ర లేదనీ చెప్పలేం. అయితే గోడ ముందే బలహీనంగా ఉండటం అసలు సంగతి. గర్భంలో ఉండగా వృషణం కడుపులోంచి కిందికి దిగేటప్పుడు ఏర్పడే సన్నని పొరగొట్టం పుట్టాక కూడా మూసుకోకపోవడం, కుటుంబంలో ఎవరికైనా ఉండటం, వయసు, పొగతాగడం, ఏళ్ల తరబడి దగ్గు కూడా దీనికి దారి తీస్తాయి. ఇంగ్లండు లెక్కల ప్రకారం జీవితకాలంలో గజ్జ హెర్నియాకు ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం మగవారిలో 27 శాతం, ఆడవారిలో 3 శాతం. కుర్చీలో కూర్చుని పనిచేసేవారు కూడా ఈ లెక్కలో ఉన్నారు. ఆడవారికి రాదనుకోవడం మరింత చేటు, ఎందుకంటే వారిలో తొడ మొదట్లో వచ్చే రకం చిన్నగా కనిపిస్తూనే పేగును బిగించేసే అవకాశం ఎక్కువ.

బెల్టు కట్టుకుంటే వాపు కాసేపు లోపల ఉంటుంది గాని సందు పూడదు. పసిబిడ్డ బొడ్డు ఉబ్బితే దాని మీద నాణెం పెట్టి గుడ్డ కట్టడం కూడా పనికిరానిదే. ఆ ఉబ్బు చాలామంది పిల్లల్లో నాలుగైదేళ్లలోపు దానంతటదే సర్దుకుంటుంది, నాణెం కింద చర్మం మాత్రం పుండు పడవచ్చు. గజ్జ దగ్గర వచ్చే హెర్నియా అలా సర్దుకోదు, పసివాళ్లలో దానికి ఆలస్యం లేకుండా ఆపరేషన్ చేయించాలి.

‘వల వేస్తారట, ఒంట్లో కుళ్లిపోతుందట’ అన్న భయం కొంత వివరంగా చూడదగినది. 1880లలో ఇటలీ వైద్యుడు ఎడొవార్డో బస్సీని కండరాలను దగ్గరికి లాగి పొరలుగా కుట్టే పద్ధతిని రూపొందించాడు. లాగి కుట్టిన చోట బిగువు వల్ల కొందరిలో హెర్నియా తిరిగి వచ్చేది. 1980లలో అమెరికా వైద్యుడు ఇర్వింగ్ లిక్టెన్‌స్టీన్ కండరాన్ని లాగకుండా బలహీనమైన చోట పాలీప్రొపిలీన్ దారంతో అల్లిన మెష్‌ను, అంటే వలను, పరిచి కుట్టడంతో ఆ బెడద బాగా తగ్గింది. శరీరం ఆ వల కన్నాల్లోంచి కొత్త కణజాలాన్ని పెంచుకొని గోడను గట్టిపరుచుకుంటుంది. మహారాష్ట్రలోని దొండాయిచాలో డాక్టర్ రవీంద్రనాథ్ టోంగావ్‌కర్ బీదల కోసం దోమతెర గుడ్డనే శుద్ధిచేసి వాడి చూపారు. ఉగాండాలో 302 మంది మగవారిపై జరిగి 2016లో వెలువడిన పరీక్షలో దోమతెర గుడ్డ ఖరీదైన మెష్‌కు తీసిపోలేదు. మెష్‌కు చీము పట్టడం అరుదు. అయితే ఆపరేషన్ తర్వాత నూటికి పదిమంది వరకు రోగుల్లో నెలల తరబడి ఎంతో కొంత నొప్పి మిగలవచ్చన్న సంగతి రోగికి ముందే చెప్పాలి, అది దాచడం న్యాయం కాదు.

లాప్రోస్కోపీయే మేలన్నది కూడా సగం నిజం. చిన్న రంధ్రాలతో చేసే ఆ పద్ధతిలో నొప్పి తక్కువ, పనికి త్వరగా వెళ్లవచ్చు. రెండు వైపులా ఉన్నవారికి, కోతతో చేసిన చోట తిరిగి వచ్చినవారికి, ఆడవారికి అది తగినది. కానీ దానికి పూర్తి మత్తు కావాలి. గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్న వృద్ధులకు కోత పద్ధతిని ఆ చోట మాత్రమే మొద్దుబార్చి చేయవచ్చు. ఏ పద్ధతిలోనైనా మగతనం పోతుందన్న మాటకు ఆధారం లేదు. వృషణానికి వెళ్లే నాళాలకు దెబ్బ తగలడం అరుదు.

నొప్పి లేకపోతే ఆగవచ్చా అన్నది కాస్త ఆలోచించవలసిన ప్రశ్న. అంతగా బాధ లేని 720 మంది మగవారిపై అమెరికాలో జరిగి 2006లో ప్రచురితమైన పరిశోధనలో, ఆపరేషన్ చేయకుండా కనిపెట్టి చూసినవారిలో పేగు హఠాత్తుగా ఇరుక్కోవడం వెయ్యిమందికి ఏడాదికి ఇద్దరికి లోపే. అయినా రెండేళ్లలో దాదాపు నాలుగో వంతు మంది ఆపరేషన్‌కే మొగ్గారు. ఆ రోగులకు ఆస్పత్రి అందుబాటులో ఉంది. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు ఉప్పొంగినప్పుడు, ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీరెక్కి లంకలకు దారి తెగినప్పుడు అదే ధైర్యం చెప్పడం కష్టం. లంకల్లో ఉండేవారు వానాకాలానికి ముందే ఆపరేషన్ చేయించుకోవడం మంచిది. లోపలికి పోతూ వస్తూ ఉండే వాపు ఒక్కసారిగా గట్టిపడి నొప్పి పెడితే, వాంతులైతే, అపానవాయువు ఆగితే దాన్ని బలవంతంగా నెట్టకుండా గంటల్లోనే ఆస్పత్రి చేరాలి. రక్తం అందని పేగు త్వరగా కుళ్లుతుంది.

హెర్నియాది పెద్ద నగరాలకు వెళ్తే గాని కాని ఆపరేషన్ కాదు, జనరల్ సర్జన్ ఉన్న ఆస్పత్రుల్లో మామూలుగా జరిగేదే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకం కింద ఎక్కడ చేస్తారో ఆస్పత్రిలోని పథకం సహాయకులు చెబుతారు. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి మంచం పట్టనక్కరలేదు. మర్నాటి నుంచే నడవవచ్చు, తేలిక పనులు కొద్దిరోజుల్లో మొదలుపెట్టవచ్చు. బస్తాలెత్తేవారు మాత్రం సర్జన్ చెప్పిన గడువు, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, ఆగి, ఈలోగా దగ్గునూ మలబద్ధకాన్నీ తగ్గించుకొని, బీడీ మానేయాలి.